ఒంగిన మెడను బలవంతంగా నిటారు చేస్తే

బాత్రూంలో కాలు జారి పడ్డ తాతగారు తనంతట తనే లేచి వచ్చి మంచం మీద కూర్చుంటారు. "మెడ కాస్త పట్టేసింది, అంతే" అంటారు. ఏళ్ల తరబడి వెన్ను బిగుసుకుపోయి, తల ముందుకు ఒంగిన మనిషైతే ఆ మాట నమ్మి నొప్పి మందు రాసి ఊరుకోకూడదు. మెడ ఎముక విరిగి ఉండొచ్చు.

వెన్ను బిగుసుకునే జబ్బులు కొత్తవి కావు. 17వ శతాబ్దం చివర్లో బెర్నార్డ్ కానర్ అనే ఐర్లండ్ వైద్యుడు ఫ్రాన్స్‌లో దొరికిన ఒక అస్థిపంజరం గురించి రాశాడు. అందులో వెన్నుపూసలు, పక్కటెముకలు అతుక్కుపోయి ఒకే ఎముకలా ఉన్నాయి. 1890ల్లో రష్యాలో బెఖ్తెరెవ్, జర్మనీలో స్ట్రుంపెల్, ఫ్రాన్స్‌లో పియర్ మరీ ఈ బిగుసుకుపోవడాన్ని రోగుల్లో వివరించారు. ఇప్పుడు దాన్ని యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అంటున్నాం. పెద్ద వయసులో, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో కనిపించే 'డిష్' (DISH) అనే జబ్బు వేరు. వెన్నెముక ముందువైపు కొవ్వొత్తి మైనం కారినట్టు ఎముక పేరుకుంటుంది. దీన్ని 1950లో ఫారెస్టియే, రొటెస్ కెరోల్ విడిగా గుర్తించారు. మన నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్ను బిగిసిన పెద్దవాళ్లను చూసినవారికి ఆ నడక ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. కారణం వేరు, బాధ మాత్రం అలాంటిదే.

మామూలు మెడలో పూసల మధ్య మెత్తటి డిస్కులు దెబ్బను పంచుకుంటాయి. అతుక్కుపోయిన మెడ పొడవాటి కర్రలాంటిది. దెబ్బంతా ఒకేచోట పడి, కర్ర విరిగినట్టు అడ్డంగా విరుగుతుంది. యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లోనైతే పూసలు లోపల గుల్లబారి కూడా ఉంటాయి. ఎక్కువగా విరిగేది మెడ కింది భాగంలోనే. ఎక్స్‌రేలో భుజాల నీడ పడేదీ అక్కడే. అందుకే 1970ల్లో సీటీ స్కాన్ వచ్చేదాకా చాలా విరుగుళ్లు కంటపడలేదు. ఇప్పటికీ ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపేస్తే, ఒకటి రెండు రోజుల్లో చేతులు కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

ఇందులో అన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మంచి మనసుతో జరిగే తప్పు. ప్రమాదంలో పడ్డవాళ్లను బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, కాలర్ బిగించి మెడను నిటారుగా ఉంచడం అందరికీ అలవాటైపోయింది. ఒంగి గట్టిపడ్డ మెడను అలా వెనక్కి వాలిస్తే విరిగినచోట నోరు తెరుచుకుని వెన్నుపాము నలుగుతుంది. రోజూ రెండు దిండ్లు పెట్టుకుని పడుకునే మనిషికి అంబులెన్సులోనూ ఆ రెండు దిండ్లూ ఉండాలి. సీటీ తీయమని అడగాలి.

పడకముందు తల ఎంత ఒంగి ఉండేదో ఇంట్లోవాళ్లకే తెలుసు. పక్కనుంచి తీసిన పాత ఫోటో ఫోన్‌లో ఉంటే డాక్టరుకు చూపించండి.