పాత పెట్టెలో నక్షత్రం

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. క్రిస్మస్ చెట్టుకు ఈసారి కొత్త దీపాల తోరణాలు కొందామా అని అడిగారు. వద్దు. అటక మీద ఉన్న రెండు పెట్టెలే మనకు ఎక్కువ. అమ్మమ్మది పిసినారితనం అని మీ అమ్మ నవ్వుతుంది. అది కొంచెం ఉన్నమాట నిజమే కానీ, అసలు కారణం వేరు.

పోయిన ఏడాది మీరు వచ్చిన సాయంత్రం ఏం జరిగిందో గుర్తుందా? పెట్టెలు బోర్లించి, ముప్పావుగంటలో చెట్టంతా నింపేశాం. ఫోటోలు తీసుకున్నాం. ఆ తర్వాత దాని వైపు తిరిగి చూసినవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున్నే చిన్నవాడు నా కొంగు పట్టుకుని, "ఇంక ఏం చేద్దాం అమ్మమ్మా?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. త్వరగా కానివ్వండంటూ మిమ్మల్ని తరిమింది నేనే.

పండుగ కోసం ఆగలేకపోవడం మీతో మొదలైంది కాదులెండి. జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే ఆయన నిరుపేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులంటూ ఆ పిల్లలు రోజూ ఆయన ప్రాణం తోడేసేవారట. 1839లో ఆయన ఒక పాత బండి చక్రం తెచ్చి, దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు పెద్ద తెల్లవి నాలుగు, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకు ఒకటి చొప్పున వెలిగిస్తూ పోయారు. ఇక అడిగే పని లేదు, వెలగనివి లెక్కపెట్టుకుంటే చాలు. ఇప్పుడు ఆగమన కాలంలో నాలుగు కొవ్వొత్తులతో పెట్టే పచ్చని ఆకుల వలయం ఆ బండి చక్రానికి ముని మనవరాలే.

ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే రోజులు. ఒక్కో ఏడాది 22 రోజులే వస్తాయి, ఒక్కో ఏడాది 28 దాకా ఉంటాయి. పాత పద్ధతిలో పండుగ 25తో ముగిసేది కూడా కాదు, జనవరి 6 వరకు నడిచేది. మనమేమో 26న చెట్టు విప్పేసి అటకెక్కించాం!

ఇక నక్షత్రం సంగతి. మొరావియన్ క్రైస్తవుల నక్షత్రమని దానికి పేరు. 1830లలో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో, వాళ్ళ బడిలో జ్యామితి పాఠం కోసం పిల్లల చేత చేయించారు. మొత్తం 25 కొమ్ములు. వాటిలో నాలుగు పలకలవి 17, మూడు పలకలవి 8. (లెక్కలంటే ముఖం ముడుచుకునే పెద్దదానికి ఈ మాట ప్రత్యేకంగా చదివి వినిపించండి.) ఆగమన కాలపు మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో కొమ్మూ అమర్చడం అక్కడి కుటుంబాల అలవాటు.

మన పెట్టె అడుగున ఉన్నది అలాంటిదే. తెల్లకాగితం టీ రంగుకు తిరిగింది. ఒక కొమ్ము చినిగితే మీ అమ్మ ఆరేళ్ళప్పుడు వార్తాపత్రిక ముక్కతో అతికించింది. లోపల దీపం పెడితే ఆ అతుకులోని అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి. నిరుడు హడావిడిలో దాన్ని బయటికే తీయలేదు.

కరెంటు దీపాల మీద నాకు కోపమేమీ లేదు. ఒకప్పుడు చెట్టుకొమ్మలకే కొవ్వొత్తులు గుచ్చి, పక్కన బకెట్టెడు నీళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంటి చెట్టుకు 80 విద్యుద్దీపాలు వెలిగించాకే ఆ భయం మెల్లగా తగ్గుతూ వచ్చింది. కాబట్టి ఉన్న తోరణాల్లో ఒకటి వెలిగిద్దాం. ఒక్కటే.

మీరు 20న వస్తున్నారు కదా. డిసెంబరు 1 నుంచే మీ ఇంట్లో కాగితం గొలుసు మొదలుపెట్టండి. జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు ఉన్న పట్టీలు చాలు. వాడేసిన రంగు కాగితమైతే మరీ మంచిది. పిండి ఉడికించిన జిగురు పల్చగా రాసి, కొసలు కలిపి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా వేళ్ళతో నొక్కి పట్టుకోవాలి. జిగురు ఎక్కువైతే కాగితం ముడతలు పడుతుంది. రోజుకు ఒక్క కడియమే. రెండోది చేయాలని చేతులు దురద పెడితే, కాగితం ఎంచుకుని రేపటికి దాచుకోండి. నేనూ ఇక్కడ ఒక గొలుసు చేస్తుంటాను. మీరు వచ్చాక రెండూ కలిపి కిటికీకి కడదాం.

నక్షత్రం మాత్రం మీరు వచ్చేదాకా ముట్టుకోను. కొమ్ములన్నీ విడదీసి దుమ్ము దులిపి మళ్ళీ అమర్చాలి, దానికి ఒక సాయంత్రమంతా పడుతుంది. ఆ అతుకు కొమ్ము పెట్టే పని ఎవరిదో మీలో మీరే తేల్చుకోండి, నన్ను మధ్యలోకి లాగవద్దు.

అన్నట్టు, నా దగ్గర కత్తెర ఒకటే ఉంది, అదీ మొద్దుబారింది. మీది తెచ్చుకోండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ