పై గదిలోని కంప్యూటర్ సంగతి

చిట్టీ, బాబీ,

మొన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి "తాతయ్యా, ఆ డొక్కు కంప్యూటర్ బాగవుతుందా, లేకపోతే కొత్తది కొనమని నాన్నని పీకమంటావా" అని అడిగితే నేను నీళ్లు నమిలాను. విప్పి చూడకుండా ఏం చెప్పినా చిలక జోస్యమే కదా. నిన్న విప్పాను, అందుకే ఈ ఉత్తరం.

అది 2011లో మన కాశీబుగ్గ డీటీపీ సెంటర్‌కి కొన్న మెషిన్. రెండో తరం ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసర్, నాలుగు జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఈ చుట్టుపక్కల ఎన్ని శుభలేఖలు, ఎన్ని దినం కార్డులు దాని మీద కొట్టానో లెక్కలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి స్తంభాలన్నీ ఒరిగిపోయి రోజుల తరబడి కరెంటు లేకుండా పోయింది, ఆ తర్వాత నాకూ ఓపిక తగ్గి షాపు మూసేశాను. దాన్ని పై గదిలోకి చేరిస్తే మీ నానమ్మ పాత చీర కప్పింది. మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.

ప్లగ్గు పీకి, అందులో మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, అప్పుడు సైడు రేకు తీశాను. లోపల బల్లి గుడ్డు పెంకులు, ఫ్యాన్ రెక్కలకి గొంగళిలా పట్టిన దుమ్ము. పెయింటింగ్ బ్రష్‌తో దులిపాను. బాబీ, నువ్వు చేస్తే ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో. ఆ పక్కనుండే ఇనప డబ్బా ఎస్ఎంపీఎస్, అంటే మెషిన్‌కి సరిపడేలా కరెంటుని మార్చి ఇచ్చేది, దాన్ని మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపల కరెంటు నిలవుంచే కెపాసిటర్లు షాక్ కొడతాయి. ప్రాసెసర్ మీద పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అది ఎండిపోతే వేడి బయటికి పోదు, మెషిన్ నత్తలా నడుస్తుంది, లేదంటే దానంతటదే ఆగిపోతుంది. గీకేసి కొత్తది బఠాణీ గింజంత పెట్టాను.

ఆన్ చేస్తే తెర నల్లగానే ఉంది, బీప్ బీప్ అని ఒకటే అరుపు. చాలామంది ఇక్కడే అయిపోయింది అనుకుంటారు. షాపు రోజుల్లో ఇంకో మెషిన్ ఇలాగే అరిస్తే ఒక సర్వీసు సెంటర్‌కి మోసుకెళ్లాను, మదర్‌బోర్డు పోయిందన్నారు, మారు మాట్లాడకుండా కొత్త బోర్డుకి డబ్బు కట్టి వచ్చేశాను. ఎందుకో పాత బోర్డు అడిగి తెచ్చుకున్నాను, చాన్నాళ్ల తర్వాత దాని ర్యామ్ కాళ్లు స్కూలు రబ్బరుతో తుడిచి పెడితే శుభ్రంగా పనిచేసింది! ఆ డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మనది సముద్రం గాలి, ఆ బంగారు రంగు కాళ్ల మీద మకిలి పడుతుంది. నిన్న కూడా అదే రబ్బరు వైద్యం, అరుపు ఆగిపోయింది.

తెర వెలిగాక చూస్తే తేదీ 2009 జనవరి 1! బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోతే గడియారం వెనక్కి పోతుంది. నెట్ పెట్టి ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదు అంటోంది. ప్రతి సైటు సర్టిఫికెట్‌కీ మొదలు తేదీ, గడువు తేదీ ఉంటాయి, మనది 2009లో కూర్చుని చూస్తే అవన్నీ ఇంకా పుట్టనే లేదు మరి. వైరస్ అని కంగారు పడక్కర్లేదు, చిన్న బ్యాటరీతో పోయేదే.

ఇక హార్డ్ డిస్క్. విండోస్ 7 తెరుచుకునేలోపు నేను టీ తాగి గ్లాసు కడిగి పెట్టాను. టక్ టక్ శబ్దం లేదు, అది మన అదృష్టం. ఆ శబ్దం వస్తే వెంటనే ఆపెయ్యాలి, తిప్పిన కొద్దీ లోపలున్నది చెరిగిపోతుంది. బాగుచెయ్యడమా కొనడమా అన్నది తర్వాత, ముందు మీ నాన్న పెళ్లి ఫొటోలు, నా ఫైళ్లు వేరే డిస్కులోకి ఎక్కించాను.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. దాంతో ఏం పని మీకు? హోంవర్కు, పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, పాఠాలు చూడటం అయితే పాత డిస్క్ తీసి, తిరిగే భాగాలేవీ లేని, చాలా వేగంగా పనిచేసే ఒక ఎస్ఎస్‌డీ, ఇంకో నాలుగు జీబీ ర్యామ్ వేస్తే చాలు, ఎస్ఎస్‌డీతో వచ్చే తేడా మీరే చూస్తారు. విండోస్ 11 మాత్రం కుదరదు, దానికి ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందుకని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దాం, డబ్బులు అక్కర్లేదు. చిట్టి అడిగిన వీడియో ఎడిటింగ్‌కి, పెద్ద గేములకి ఇది పనికిరాదు, ఎంత పోసినా దండగే.

బోర్డు మీద కెపాసిటర్ల నెత్తులు పూరీల్లా ఉబ్బి ఉంటే నేనే వద్దనేవాణ్ణి. ఈ తరం బోర్డు సెకండ్ హ్యాండ్‌లో తప్ప దొరకదు, అదెన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పరు. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే అది వేరు, మార్చుకోవచ్చు. నా లెక్కయితే బాగుకయ్యే ఖర్చు, ఆఫీసుల్లోంచి దిగిన ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ మెషిన్ ధరలో సగం దాటితే ఆ సెకండ్ హ్యాండే తెచ్చుకోవాలి. మనది సగం కూడా దాటదు. మీ నాన్న కొత్తదే మేలంటాడు, ఆ వాదన నేను చూసుకుంటాను.

పాత ఇనప సామాన్ల వాడు వస్తే నానమ్మ దీన్ని ఇచ్చేస్తానంది, ఆపాను. కొందరు రాగి కోసం వైర్లు కాలుస్తారు, ఆ పొగ మంచిది కాదు.

శనివారం విజయనగరంలో రైలెక్కే ముందు ఆ రూపాయి బిళ్ల బ్యాటరీ, సీఆర్ 2032 అని అడిగి ఒకటి తీసుకోండి, మర్చిపోకండి. నానమ్మ తూకం మిషన్‌లోది పీకి పెట్టి చూశాను, పొద్దున్నకి మళ్లీ 2009 అంటోంది, పైగా తూకం మిషన్ పనిచెయ్యడం లేదని ఆవిడ నన్ను వెతుకుతోంది.

మీ తాతయ్య