పత్తి మిల్లుల్లో నిప్పు: పైపులు వచ్చాక ఏం మారింది

వరంగల్‌కు పత్తి పని కొత్త కాదు. ఇక్కడ ఆజంజాహి మిల్లు 1934లోనే వచ్చింది. ఇప్పుడు ఏటా సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ యార్డుకు, చుట్టుపక్కల పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులకు పత్తి బండ్లు బారులు తీరుతాయి. నిప్పు భయం కూడా వాటితోనే వస్తుంది.

ఒకప్పుడు కూలీలే పత్తిని గంపలతో మోసి యంత్రంలో పోసేవారు. రాయో, మేకో ఉంటే చాలాసార్లు చేతికే తగిలేది. 2000లో కేంద్రం పత్తి టెక్నాలజీ మిషన్ మొదలుపెట్టి మిల్లుల ఆధునికీకరణకు సాయం చేసింది. గాలితో పీల్చే పైపులు, ఆటోమేటిక్ ఫీడర్లు అలా పెరిగాయి. దూది శుభ్రపడింది, మోసే పని తగ్గింది. కానీ ఇనుప ముక్క ఫ్యాను రెక్కకు కొట్టుకుంటే పుట్టే రవ్వ ఇప్పుడు పైపు వెంట క్షణాల్లో దూది కుప్ప మీద పడుతుంది. అందుకే పీల్చే గొట్టానికి ముందే అయస్కాంతం పెట్టాలి, పూటపూటా దాన్ని తుడవాలి. గింజ తీసే యంత్రమైన జిన్‌లో తోలు రోలరు మీద కత్తి మరీ బిగిస్తే రాపిడికి పొగ వస్తుంది. గ్రీజు ఆరిన బేరింగు మీద పేరుకున్న నుసీ అంటుకుంటుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం 38వ సెక్షన్ తప్పించుకునే దారి, ఆర్పే సామగ్రి ఉండాలనేది. నిప్పు అంటుకుంటే ఏం చేయాలో కార్మికులకు నేర్పాలనీ చెప్పేది. అప్పట్లో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ కింద లెక్క. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ ఆ సంఖ్యను 20 చేసింది. పదిహేను మందితో నడిచే మిల్లులోనూ వందల బేళ్లు, అంటే నొక్కి కట్టిన దూది మూటలు, ఉండొచ్చు కదా! మా దృష్టిలో లెక్క పెట్టాల్సింది మనుషులను కాదు, నిల్వ ఉన్న దూదిని.

అసలు ప్రమాదం బేలులో ఉంది. 170 కిలోల దూదిని గట్టిగా నొక్కి కట్టినా లోపల గాలి మిగులుతుంది. రవ్వ చిక్కితే మంట లేకుండా రోజుల తరబడి కనలుతుంది. పౌడర్ సిలిండర్ పైమంటను ఆర్పుతుంది, లోపలి నిప్పును చేరలేదు. దూదికి సహజంగా మైనం ఉంటుంది కాబట్టి ఉత్త నీళ్లు జారిపోతాయి, కొంచెం సబ్బు ద్రావణం కలిపితే ఇంకుతాయి.

జిన్ దగ్గర నిప్పు కనబడితే ముందు పత్తి పోయడం, దూది మోసే ఫ్యాను ఆపాలి. ఆ దూదిని బేళ్లు కట్టే ప్రెస్‌కు పంపొద్దు. అప్పటికే కట్టిన బేళ్లను గోదాములోకి కాకుండా ఆరుబయట, విడివిడిగా పెట్టి కాపలా ఉండాలి. పొగ వచ్చిన బేలుకు నీళ్ల పైపు సిద్ధంగా పట్టుకున్నాకే కట్టు కోయాలి. గాలి తగలగానే అది భగ్గుమంటుంది.

కూలీలు సీజన్ సీజన్‌కూ మారుతుంటారు. ఏ స్విచ్ ముందు ఆపాలో పోయినేడు నేర్పింది ఈ ఏడు వచ్చినవారికి తెలియదు. మొదటి లోడు దిగకముందే వారి భాషలో చెప్పి, ఒక్కొక్కరితో చేయించి చూడాలి.