వందా ఎందుకు రాలాయి?

విజయవాడ

చిట్టీ, నీ పక్కన కూర్చుని ఇది చదివే మిగతా పిల్లలూ,

"తాతయ్యా, దారం ఒక్కచోటే తెగింది గదా, మరి వంద పూసలూ మంచం కిందికి ఎందుకు పోయాయి?" అని అడిగావు. జవాబు అమ్మమ్మ పూలబుట్టలో ఉంది.

చామంతుల్ని సూదితో గుచ్చుతాం, మల్లెల్ని దారంతో కడతాం. గుచ్చిన దండ తెగితే పూలన్నీ జారతాయి. కట్టిన మాలని ఎక్కడ తెంపినా పక్క పూలు కదలవు, ఎందుకంటే ఏ పూల ముడి వాటికుంటుంది. పూలమ్మే ఆవిడ మూర కొలిచి తెంపి ఇవ్వగలుగుతోందంటే ఆ ముడుల చలవే. నువ్వు చేసింది గుచ్చిన దండ.

ముత్యాల దండ బాగా చేసేవాళ్ళు గుచ్చుతారు, పూసకీ పూసకీ మధ్య ముడి కూడా వేస్తారు. అది తెగితే రాలేది ఒక్కటే. పూసలు ఒకదాన్నొకటి ఒరుసుకుని అరగవు కూడా. 16 అంగుళాల దండ అనుకోండి. కొక్కేనికి ఒక అంగుళం తీసేస్తే 38 సెంటీమీటర్లు మిగులుతుంది. 6 మిల్లీమీటర్ల ముత్యాలు ముడుల్లేకుండా 63 పడతాయి. ముడి దాదాపు ఒక మిల్లీమీటరు తింటుంది కాబట్టి ముడులతో 54 చాలు. దారం మాత్రం రెండు మీటర్లు తీసుకుని, సూదికెక్కించి రెండు పేటలు చేయండి. ముడులు దారాన్ని మనం అనుకున్నదానికంటే ఎక్కువ మింగుతాయి. సగంలో అయిపోతే అతుకు కుదరదు, మొత్తం విప్పాల్సిందే. దారం దగ్గర పిసినారితనం పనికిరాదర్రా.

పూస ఎక్కించాక వదులుగా ఒక ముడి వేయండి. బిగించొద్దు. ఆ ముడి లోపల ఇంకో సూది దూర్చి, దాంతోనే ముడిని పూస దాకా నెట్టుకెళ్ళండి. పూసకి ఆనాక దారం లాగుతూ సూది తీసేయండి. సూది సాయం లేకపోతే ముడి దారిలోనే బిగిసి సందు పడుతుంది. ముడి పూస బెజ్జంలోకి దూరిపోతోందా? దారం సన్నమైంది, మార్చండి. మొదటి పది ముడులూ వంకరగానే వస్తాయి, రానివ్వండి.

మల్లెమాల పోలికని ఇంకొంచెం సాగదీద్దామనుకున్నాను గానీ ఇక్కడ అది చేతులెత్తేసింది. పువ్వు దారాన్ని కోయదు, గాజుపూస కోస్తుంది! తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో పూసలు చేసిన పద్ధతి వింటే ఎందుకో తెలుస్తుంది. కరిగిన గాజుని సన్నటి గొట్టంగా సాగదీసి, ఆ గొట్టాన్ని ముక్కలు కొట్టేవారు. ముక్కల అంచులు బ్లేడులా ఉంటాయి కాబట్టి మళ్ళీ వేడిచేసి మొద్దుబరిచేవారు. ఇప్పుడు వన్‌టౌన్ కొట్లలో దొరికే పూసల్లో కూడా అంచు సరిగ్గా మొద్దుబారనివి కలుస్తాయి. అందుకే గుచ్చేముందు పూసల్ని అంచున్న పళ్ళెంలో తువ్వాలు పరిచి పోసుకోండి, దొర్లిపోవు. బెజ్జం దగ్గర పెచ్చు లేచినవి ఏరి పారేయండి. వందకి పది ఎక్కువ కొనమనేది ఆ ఏరివేత కోసమే. మామూలు కుట్టుదారం చెమటకీ గాజు రాపిడికీ పీచులు లేస్తుంది, నైలాన్ అయితే నిలుస్తుంది.

కొట్లో నంబరు అడిగితే తికమక పడకండి. చిన్న గాజుపూసల్లో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 11 నంబరు సుమారు 2 మిల్లీమీటర్లు, 8 నంబరు 3, 6 నంబరు 4. అమ్మమ్మ కుట్టుసూదుల నంబర్లూ ఇంతే.

తీగ మీద చేసే దండలు ఎక్కువగా తెగేది మధ్యలో కాదు, కొక్కెం దగ్గర. అక్కడ తీగని పట్టి ఉంచేది క్రింపు అనే చిన్న లోహపు గొట్టం. తీగని క్రింపులోంచి పోనిచ్చి, కొక్కేనికి చుట్టి, మళ్ళీ క్రింపులోంచే వెనక్కి తెచ్చి, నున్నటి ముక్కున్న పట్టకారుతో నొక్కాలి. పళ్ళున్న పట్టకారు వద్దు. మరీ గట్టిగా నొక్కినా క్రింపు అంచే తీగని కోసేస్తుంది. నొక్కేముందు దండని సున్నాలా వంచి, ఒకటి రెండు మిల్లీమీటర్లు వదులు ఉంచండి. పూసలు కిక్కిరిసి ఉంటే దండ మెడ మీద ఒదగదు, కర్రలా నిలబడుతుంది.

చేతి గొలుసులకి వాడే ఎలాస్టిక్‌ని గుచ్చకముందే రెండు మూడుసార్లు బాగా లాగి వదలండి. లేకపోతే వారానికే వదులై పూసల మధ్య దారం కనిపిస్తుంది. ముడి వేసేటప్పుడు రెండు మెలికలు తిప్పండి, ఒక్క మెలికతో జారుతుంది. రాలిన పూసలన్నీ లెక్కపెట్టి ఏరండి, చంటివాడి నోట్లోకి పోతాయి.

మా చిన్నప్పుడు పూసలమ్మేవాళ్ళు గంపలతో వీధుల్లోకి వచ్చేవారు. వాళ్ళకంటే చాలా పాతవాళ్ళూ ఉన్నారు. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర భట్టిప్రోలు బౌద్ధ స్తూపం తవ్వితే, పవిత్ర అస్థికలు దాచిన పేటికలతో పాటు బంగారు పూలూ, ముత్యాలూ, పూసలూ దొరికాయి. రెండువేల ఏళ్ళకి పైగా మట్టిలో ఉన్నా పూసలు పూసల్లాగే ఉన్నాయి! వాటి దారాలు ఏమయ్యాయో మీరే ఆలోచించండి.

ఈ ఆదివారం నాన్నతో అమరావతి మ్యూజియంకి వెళ్ళండి. శిల్పాల్లో ఆడవాళ్ళ నడుము దగ్గర ఆగండి. పూసల వరసలు ఎన్నో లెక్కపెట్టండి, అవి ఎక్కడ కలుస్తున్నాయో, కొక్కెంలాంటిది ఏమైనా చెక్కారో చూడండి. చిట్టీ, నువ్వు వెళ్ళేముందు నీ తెగిన దారం కొస కూడా భూతద్దంతో చూడు. పీచులు లేచి ఉంటే అరిగి తెగింది, నున్నగా ఉంటే ఏదో పూస కోసింది. అదే అయితే ఆ పూసని పట్టుకుని నాకు చూపించు.

తాతయ్య