గన్ను వెనకాల గోడౌన్: యుద్ధాల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

నేవీలో స్టోర్స్ సైడ్ పనిచేసి రిటైరై వైజాగ్‌లోనే సెటిలయ్యాను. యుద్ధం గురించి ఎవరు మాట్లాడినా మిస్సైళ్ళు, గన్నులు, తెగువ, ఇవే వస్తాయి. ఆ గన్ను దాకా గుండు ఎవరు చేర్చారు, షిప్‌లో ఆయిల్ ఇంకెన్ని రోజులకుంది, వెనక్కొచ్చే దారి తెరిచే ఉందా అని ఎవరూ అడగరు. మా పనంతా అదే, అందుకే ఎప్పట్నుంచో వింటున్న కొన్ని మాటల గురించి రాస్తున్నా.

అపోహ: సముద్రం మీద కొండలుండవు, రోడ్లుండవు, షిప్ ఎక్కడికైనా పోతుంది.

పోవడం వేరు, పోయాక అక్కడ ఉండడం వేరండి. జెట్టీ వదిలిన మర్నాటి నుంచే ఆయిల్‌కీ మంచినీళ్ళకీ లెక్క మొదలు, ముందు ఆకుకూరలు అయిపోతాయి, తర్వాత టమాటాలు, ఇక ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, పప్పు, టిన్ ఫుడ్. నడిసముద్రంలో ట్యాంకర్ నుంచి ఆయిల్ ఎక్కించాలంటే రెండు షిప్పులూ పక్కపక్కనే ఒకే స్పీడులో పోతుండాలి, ముందు గన్నుతో సన్నతాడు అవతలి డెక్ మీదకి కొడతారు, దానికి లావుతాడు కట్టి లాగుతారు, ఆ తర్వాతే పైపు. పైపు ఉన్నంతసేపూ ఏ షిప్పూ ఇష్టమొచ్చినట్టు తిరగడానికుండదు, శత్రువు కావాలనుకునే టైం అదే.

1971లో పాకిస్తాన్ దగ్గర ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న కొత్త డాఫ్నే సబ్‌మెరైన్లు ఉన్నా, విమానాలు మోసే మన క్యారియర్ షిప్ విక్రాంత్ కోసం బంగాళాఖాతంలోకి పంపింది మాత్రం 1945 నాటి ఘాజీని. కరాచీ నుంచి శ్రీలంక చుట్టి ఇంతదూరం వచ్చి పనిచేసే రేంజ్ దానికొక్కదానికే ఉంది మరి. నవంబర్ 14న బయల్దేరి డిసెంబర్ 3-4 రాత్రి మన హార్బర్ బయటే మునిగిపోయింది, ఎలా మునిగిందనే దానిమీద రెండు దేశాలదీ చెరో మాట, విక్రాంత్ అయితే అప్పటికే అండమాన్స్‌లో ఉంది. అదే డాఫ్నే రకం హంగోర్, దాని రేంజ్‌లో ఉన్న డయ్యూ దగ్గర, డిసెంబర్ 9న మన యుద్ధనౌక ఖుక్రీని ముంచేసింది. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న ఢాకా సంగతి ఇంకా కష్టం, ఆ ఫిబ్రవరిలోనే ఇండియా మీదుగా వాళ్ళ విమానాలు ఎగరకుండా మనవాళ్ళు ఆపేశారు, దాంతో ఒక్క సోల్జర్‌ని పంపాలన్నా కొలంబో తిరిగి రావాల్సొచ్చింది.

అపోహ: 1942లో జపానోడు ఇంకో అడుగేసుంటే వైజాగ్‌లో దిగిపోయేవాడు.

ఏప్రిల్ 6న హార్బర్ మీద బాంబులు పడ్డమాట నిజం, ఊరు ఊరంతా ఖాళీ అయినమాటా నిజం. కానీ ఆ వచ్చింది కొట్టి వెళ్ళిపోయే రైడ్‌కి. విమానాలు ఒక క్యారియర్ మీంచి లేచాయి, వెనకాల సైన్యాన్ని దింపే షిప్పులు లేవు, దిగినా వాళ్ళకి తిండి, పెట్రోలు తేవడానికి ఇక్కడ బేస్ లేదు. కొన్నాళ్ళకే ఆ నౌకలన్నీ వెనక్కెళ్ళిపోయాయి. వాళ్ళకి సప్లై లేకపోతే ఏమవుతుందో 1944లో ఇంఫాల్ దగ్గర కనబడింది, సుమారు మూడు వారాల తిండితో చింద్విన్ నది దాటారు, ఇంఫాల్ గోడౌన్లు పట్టేసుకుంటే సరిపోతుందనుకున్నారు, అవి దొరకలేదు, వర్షాలు దిగాయి. ఇటుపక్క బ్రిటిష్, ఇండియన్ సైన్యానికి విమానాల్లో సరుకు వచ్చింది. జపాన్ సైనికుల్లో ఆకలికీ రోగాలకీ పోయినవాళ్ళే ఎక్కువ.

అపోహ: నెపోలియన్‌ని రష్యా చలి ఓడించింది.

చలి తర్వాత వచ్చింది. 1812 జూన్‌లో బోర్డర్ దాటాడు, బళ్ళు వెనకాలే ఉండిపోయాయి, పచ్చిమేత తిని గుర్రాలు వేలల్లో చచ్చాయి, సెప్టెంబర్ 14న మాస్కోలో అడుగుపెట్టేసరికి మిగిలింది లక్షమంది లెక్కన. మంచు అప్పటికింకా పడలేదు.

అపోహ: యుద్ధం గెలిస్తే ప్రాంతం చేతికొచ్చినట్టే.

మన దగ్గరే చూడండి, చందుర్తి యుద్ధం. ఫ్రెంచివాళ్ళ మీద కోపంతో విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషువాళ్ళని పిలిస్తే, కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డ్ ఓడల్లో వచ్చి మన విశాఖలోనే దిగాడు. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర గెలిచాడు, రాజమండ్రి కూడా దొరికింది. వెంటనే తరిమితే మచిలీపట్నం పడిపోయేదే అని నా అభిప్రాయం, కానీ ఖర్చులు భరిస్తానన్న రాజుగారు డబ్బు తీయలేదు, ఫోర్డ్ వారాలు వారాలు అక్కడే ఆగిపోయాడు, ఈలోపు ఫ్రెంచివాళ్ళు మచిలీపట్నం కోటలో సర్దుకున్నారు. చివరికి మార్చిలో మచిలీపట్నం చేరితే వెనకాల రాజమండ్రి మళ్ళీ వాళ్ళ చేతికెళ్ళింది, విశాఖ నుంచి డబ్బు రావాల్సిన దారి మూసుకుపోయింది, జీతాల్లేక సోల్జర్లు తిరగబడ్డారు, నిజాం సలాబత్ జంగ్ సైన్యం మీదికొస్తోంది, మందుగుండు చూస్తే రెండురోజులకే ఉంది. ముట్టడి కొనసాగించడానికి సరుకే లేదు కాబట్టి 1759 ఏప్రిల్ 7 రాత్రి, నీళ్ళు తగ్గే ఆటు వేళ చూసుకుని దాడికి దిగాడు. ఇటునుంచి ఎవడొస్తాడులే అని ఫ్రెంచివాళ్ళు ధీమాగా ఉన్న ఊబి వైపు నుంచి కొంతమందిని పంపి అక్కడ గోల చేయించాడు, అసలు దాడి ఇంకో బురుజు మీద. తెల్లారేసరికి కోట పడింది. బందరు చుట్టుపక్కల ఆ బురద నేల చూసినవాళ్ళకి అది ఎంత సాహసమో అర్థమవుతుంది.

అపోహ: ఇప్పుడు డ్రోన్లూ మిస్సైళ్ళూ వచ్చాయి, ఈ రోడ్లూ కొండలూ పాతకథ.

కార్గిల్ 1999 అంత పాతదేం కాదుగా. అక్కడ శత్రువు కూర్చున్న టోలోలింగ్ కొండ మీంచి కిందున్న శ్రీనగర్-లేహ్ హైవే మీద లారీలు కనబడతాయి, అందుకే టైగర్ హిల్ కన్నా ముందు దాన్ని పట్టుకున్నారు. పైకి ఎక్కాల్సిన గుండ్లూ నీళ్ళూ చాలావరకు మనుషుల వీపుల మీద, కంచరగాడిదల మీద వెళ్ళాయి. అప్పట్లో ఎక్కువగా ఆ హైవే మీదే లడఖ్‌కి చలికాలం మొత్తానికి సరిపడా రేషన్, కిరోసిన్ పోవాల్సొచ్చేది, అదీ దారిలోని జోజిలా కనుమ తెరిచుండే నెలల్లోనే, ఆ నెలల్లోనే యుద్ధం జరిగింది.