మిరపకాయ తొడిమ, పేటెంటు కాగితం

గుంటూరు

చిరంజీవులు చిన్నికి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

చిన్నీ, మొన్న నువ్వడిగింది ఫోన్లో తేలే ప్రశ్న కాదు. "మిరపకాయ తొడిమలు తీసే మెషిన్ అక్కావాళ్ళు చేస్తే, పేటెంటు కాగితంలో కాలేజీ పేరెందుకు తాతయ్యా?" అన్నావు. గొంతులో కోపం కూడా వినపడింది. అక్క మీద ఆ మాత్రం ప్రేమ ఉండాల్సిందేలే.

పెద్ద కాలేజీల్లో, యూనివర్సిటీల్లో టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు అని ఒకటుంటుంది. ల్యాబులో పుట్టిన ఆలోచనకి పేటెంటు (అడగకుండా వేరేవాళ్ళు దాన్ని వాడుకోకుండా కొన్నేళ్ళపాటు ఆపే హక్కు) తీసుకోవడం, దాన్ని వాడుకునే కంపెనీని వెతికి బేరం కుదర్చడం, వచ్చిన డబ్బు పంచడం దాని పని. ఇలా చెబితే నీకు నిద్రొస్తుంది. మిర్చి యార్డు సంగతి చెబుతాను విను.

నా చిన్నప్పుడు మా నాన్న కాయలు గుంటూరు తెచ్చేటప్పుడు నన్నూ వెంటబెట్టుకొచ్చేవాడు. రాత్రికి టిక్కీల మీదే, అంటే మిర్చి బస్తాల మీదే పడక. ఘాటుకి తుమ్మీ తుమ్మీ ముక్కు ఎర్రబడేది. తెల్లవారాక కమిషన్ ఏజెంటు గుమస్తా వచ్చి, గోతాన్ని కాస్త కోసి గుప్పెడు కాయలు బయటికి లాగేవాడు. ఒకటి తుంచి గింజ చూసేవాడు, తాలు ఎంతుందో చూసేవాడు, అప్పుడు కొనేవాళ్ళని పిలిచేవాడు. తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళు. నేను ఆ గుడ్డ వైపే కళ్ళప్పగించి చూసేవాణ్ణి. బొంబాయిలో ఎవరికి ఏ రంగు కాయ కావాలో మా నాన్నకేం తెలుసు? ఏజెంటుకి తెలుసు. పంటకి ముందే పెట్టుబడి అప్పిచ్చేదీ ఆయనే. ఇంటికెళ్ళేదాకా మా నాన్న ఆయన్ని తిట్టుకుంటూనే ఉండేవాడు, మళ్ళీ ఏడాది ఆయన కొట్టుకే వెళ్ళేవాడు.

ఆ ఆఫీసు కూడా అలాంటి ఏజెంటే. మెషిన్ అక్క పంట. కానీ పొలం, నీళ్ళు, ఎరువు కాలేజీవి కదా, అంటే ల్యాబు, కరెంటు, మోటారు కొన్న డబ్బు. అక్క కౌలు రైతన్నమాట. మన చట్టంలో పేటెంటు అడిగే హక్కు మొదట కనిపెట్టినవాళ్ళదే. వాళ్ళు సంతకం పెట్టి రాసిస్తేనే అది కాలేజీకి పోతుంది. అక్క ఆ సంతకం ఎప్పుడు పెట్టిందో, ఏం చదివి పెట్టిందో అడుగు.

ఏజెంటు మంచివాడైతే ఎలా ఉంటుందో ఒక సంగతి చెబుతాను. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో నీల్స్ రైమర్స్ అనే ఆయన 1970లో ఇలాంటి ఆఫీసు తెరిచాడు. స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బాయర్ అనే ఇద్దరు జన్యువుల్ని ముక్కలు చేసి అతికించే పద్ధతి కనిపెట్టి, 1973లో పత్రికలో అచ్చేయించుకున్నారు. పేటెంటు ఊసే వాళ్ళకి లేదు. మరుసటి ఏడాది పేపర్లో వార్త చూసి రైమర్సే వాళ్ళ వెంటపడ్డాడు. అచ్చయిన ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవచ్చని అమెరికా చట్టం. గడువు ఇక కొద్దిరోజుల్లో అయిపోతుందనగా, 1974 నవంబరులో పెట్టారు. ముందే అచ్చయిపోయింది కాబట్టి బయటి దేశాల్లో మాత్రం హక్కు పోయింది. ఇక్కడ నా పోలిక కుంటుతుంది చూడు: టిక్కీ ఒకడికి అమ్మితే అయిపోయింది, ఆ పేటెంటుని వాడుకునే అనుమతి నాలుగొందలకి పైగా కంపెనీలకి ఇచ్చారు, 25 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది. ఆ ఆఫీసు తన ఖర్చులకి నూటికి 15 తీసుకుని, మిగతాది మూడు వాటాలు వేసేది. ఒక వాటా కనిపెట్టినవాళ్ళకే.

1980లో అక్కడ బే-డోల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో చేసిన పరిశోధన మీద హక్కు యూనివర్సిటీలే ఉంచుకోవచ్చని దాని సారం. అంతకుముందు ప్రభుత్వం చేతిలో 28 వేల దాకా పేటెంట్లు ఉంటే, నూటికి అయిదు కూడా వాడకంలోకి రాలేదట. చట్టం వచ్చాక చాలా యూనివర్సిటీలు ఇలాంటి ఆఫీసులు తెరిచాయి. అందరికీ స్టాన్‌ఫర్డ్ అదృష్టం పట్టలేదు. చాలా ఆఫీసుల రాబడి వాటి జీతాలకే చాలదు.

తొందరపడితే పరువు కూడా పోతుంది. 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పసుపుతో గాయం మాన్పే పద్ధతి మీద పేటెంటు ఇచ్చారు. పసుపు మీద! మన దుగ్గిరాల యార్డులో గుట్టలు పోసే పసుపు! నా మోకాలు చీరుకుపోతే మా నాయనమ్మ గుప్పెడు పసుపు అద్దేది, ఏడిస్తే ఇంకొంచెం అద్దేది. మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు సంస్కృత గ్రంథం, 1953 నాటి వైద్య పత్రిక వ్యాసం చూపించి పోట్లాడితే 1997లో రద్దు చేశారు. ముందే లోకానికి తెలిసినదాని మీద పేటెంటు నిలవదు. బుజ్జిగా, ఇదే నీకూ వర్తిస్తుంది. కొత్తది కనిపెడితే దరఖాస్తు పెట్టకముందే సైన్స్ ఫెయిర్‌లో పదిమందికీ చూపించేయకు. తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకో.

ఇప్పుడు మన దగ్గర ఇంకో జబ్బు. 2021లో విద్యాసంస్థలకి పేటెంటు ఫీజు 80 శాతం తగ్గించారు. మంచిదే. కాలేజీల ర్యాంకింగుకి పేటెంట్ల లెక్క కూడా చూస్తారు. దాంతో కొన్నిచోట్ల పనికొచ్చేదీ రానిదీ చూడకుండా దరఖాస్తులు గుప్పిస్తున్నారు. 18 నెలలు దాటితే ఏ దరఖాస్తైనా మామూలుగా పేటెంట్ జర్నల్లో అచ్చవుతుంది. దానికే గేటు దగ్గర ఫ్లెక్సీ కడతారు! పరీక్షించి మంజూరు చేస్తేనే అది పేటెంటు. తాలు కాయల్ని టిక్కీలో కుక్కి లెక్క చెప్పినట్టుంది నాకైతే.

మన ఊళ్ళో కోల్డ్ స్టోరేజీల దగ్గర ఆడవాళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తొడిమలు తీస్తారు. సాయంత్రానికి వేళ్ళు మండిపోతాయి, కన్ను నలుపుకోవడానికి కూడా లేదు. అక్క కాలేజీ ఆఫీసు వాళ్ళు ఒక్కసారైనా వచ్చి వీళ్ళ పక్కన కూర్చున్నారా? ఆ మెషిన్ కాయ చిట్లకుండా తొడిమ తీస్తుందా, ఎంతకిస్తే కొంటారు, అద్దెకిస్తే ఎవరు తీసుకుంటారు అని అడిగారా? ఆఫీసు మంచిదో కాదో నేను దీన్నిబట్టే చెబుతాను.

మీరిద్దరూ ఒక పని చేయండి. నాన్న ఫోన్లో పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్ తెరిపించి, అక్క కాలేజీ పేరు కొట్టండి. దరఖాస్తు చేసినవారు అని ఒక చోట, కనిపెట్టినవారు అని ఇంకో చోట విడివిడిగా ఉంటాయి. రెండోచోట అక్క పేరు ఉందేమో చూడండి. లేకపోతే నాకు వెంటనే ఫోన్ చేయండి. తర్వాత ఆ జాబితాలో ఎన్ని మంజూరయ్యాయో లెక్కపెట్టి ఉత్తరం రాయండి. వేసవి సెలవులకి వచ్చేటప్పుడు అక్కని మెషిన్‌తో సహా రమ్మనండి, తొడిమలు తీసేవాళ్ళ దగ్గరికి నేను తీసుకెళ్తాను.

మీ తాతయ్య