జర్మన్ రాదన్న నింద వెనుక 1973

మూడేళ్లకే పౌరసత్వం ఇచ్చే నిబంధనను జర్మనీ పార్లమెంటు 2025 అక్టోబరులో రద్దు చేయడంతో, వలస వచ్చినవారు భాష నేర్చుకోరన్న పాత ఆరోపణ మళ్లీ చర్చకు వచ్చింది. రద్దయిన నిబంధన వర్తించింది సీ1 స్థాయి, అంటే దాదాపు ధారాళమైన జర్మన్ వచ్చినవారికే కావడం ఇందులో విడ్డూరం.

కర్మాగారాల్లో పనికి మనుషులు చాలక, పశ్చిమ జర్మనీ 1961లో టర్కీ నుంచి కార్మికులను తెచ్చుకోవడానికి ఒప్పందం కుదుర్చుకుంది. రెండేళ్లు పనిచేసి వెళ్లిపోవాలన్నది అందులోని తొలి షరతు. పని నేర్చిన మనిషిని పంపేసి కొత్తవాణ్ని తెచ్చుకోవడం దండగని యజమానులు పట్టుబట్టడంతో 1964లో ఆ షరతును ఎత్తేశారు. అదే ఏడాది పదిలక్షలవ అతిథి కార్మికుడిగా (కొన్నాళ్ల పనికి రప్పించిన విదేశీయులను అలా పిలిచేవారు) కొలోన్ స్టేషన్‌లో దిగిన పోర్చుగల్ వడ్రంగికి పూలగుత్తితో పాటు మోపెడ్ బహూకరించారు. వెళ్లిపోయేవాళ్లకు భాషెందుకన్నదే అప్పటి లెక్క.

అసలు మలుపు 1973 నవంబరు 23. చమురు సంక్షోభం నడుమ ఆ రోజున విదేశీ కార్మికుల నియామకాలు ఆపేశారు. ఇటలీతో తొలి ఒప్పందం కుదిరిన 1955 నుంచి అప్పటిదాకా అన్ని దేశాల నుంచీ వచ్చిన సుమారు కోటీ నలభై లక్షల మందిలో కోటీ పది లక్షల మంది తిరిగి వెళ్లినవారే. యూరోపియన్ ఆర్థిక సమాజంలో సభ్యదేశం కాబట్టి రాకపోకలకు దారి ఉన్న ఇటలీవాళ్లకు ఈ నిషేధం తగల్లేదు. ఒకసారి ఊరికి వెళ్తే మళ్లీ రానివ్వరని గ్రహించిన టర్కీ కార్మికుడు మాత్రం ప్రయాణం మానుకుని, భార్యాపిల్లలనే రప్పించుకున్నాడు. సంఖ్య తగ్గించడానికి వేసిన గొళ్లెమే వాళ్లను అక్కడ స్థిరపరిచింది.

వీళ్లు ఉండిపోతారని ఒప్పుకోండని విదేశీయుల వ్యవహారాల తొలి కమిషనర్ హైంజ్ క్యూన్ 1979లోనే నివేదిక ఇస్తే, ప్రభుత్వం పెద్దగా చెవిన పెట్టలేదు. పైగా 1983లో, వెళ్లిపోతే 10,500 మార్కులు (అప్పటి జర్మన్ కరెన్సీ) ఇస్తామంది. దక్షిణాది రాష్ట్రం బవేరియాలోనైతే, తిరిగి వెళ్లడానికి వీలుగా ఉంటుందని కూడా, పిల్లలకు మాతృభాషలోనే తరగతులు నడిపారు. ఇంటిముందు బండి కట్టించి ఉంచి, ఇంటి భాష నేర్చుకోలేదేమని అడిగినట్టుంది ఈ వ్యవహారం. 600 గంటల భాషా శిక్షణ చట్టప్రకారం అందుబాటులోకి వచ్చింది 2005లో.

భాషే కలిసిపోవడానికి తొలిమెట్టని, సడలింపులు దాన్ని పలుచన చేస్తాయని విమర్శకులంటారు. అయినా 1974 జూన్ 30లోపు వచ్చిన అతిథి కార్మికులకు మాట్లాడే జర్మన్ చాలని, పౌరసత్వ పరీక్ష అక్కర్లేదని 2024 చట్టం మినహాయింపు ఇచ్చింది. 2025 రద్దు దాని జోలికి పోలేదు. ఆనాడు పద్దెనిమిదేళ్లకు వచ్చిన కుర్రాడికి కూడా ఇప్పుడు డెబ్బై దగ్గరపడింది.